అనుబంధ నివారణాధికారి

పెదలంక పురపాలక సంఘం వారు కుక్కల మీద ప్రేమను ఏప్రిల్ నెలలో ప్రారంభించి, జూన్ నెలలో నిషేధించారు.

ప్రారంభించడానికి కారణం చోటు చాలకపోవడం. ఊరి చివర పాత కబేళా షెడ్డులో నడుస్తున్న శునక సంరక్షణ కేంద్రంలో ముప్పై కుక్కలకు చోటుంటే నూట పది చేరాయి. అందుకని ఆటో మీద మైకు పెట్టి, "ఒక ఇల్లు, ఒక శునకం" అని ఊరంతా చాటించారు. మనసున్నవారు ఎవరైనా ఒక కుక్కను తీసుకెళ్ళి, మూడు నెలలు సాకి, తిరిగి అప్పగించవచ్చు. దీనికి తాత్కాలిక సంరక్షణ అని పేరు పెట్టారు. జనం వచ్చారు, తీసుకెళ్ళారు.

నిషేధించడానికి కారణం, తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి ఇచ్చే సూచనలు కనిపించకపోవడం. వ్యాను వెళ్ళి గడువు గుర్తుచేస్తే ఒకరు పిల్లలు ఏడుస్తున్నారన్నారు. ఒకరు మా అత్తగారు దాన్ని పంపితే నేనూ పోతానంటున్నారన్నారు. కుక్కలు తిరిగి రాకపోతే కేంద్రం ఖాళీ అవుతుంది. కేంద్రం ఖాళీ అయితే దానికొక సూపర్‌వైజరు, ఇద్దరు అటెండర్లు, ఒక వ్యాను ఎందుకని పైవాళ్ళు అడుగుతారు. కమిషనరుగారు మూడు రోజులు ఆలోచించి, ఈ వ్యవహారానికంతటికీ మూలం అనుబంధమని కనిపెట్టారు. వెంటనే ఏడవ నిబంధన వెలువడింది.

"సంరక్షకుడు జంతువుపై గాని, జంతువు సంరక్షకునిపై గాని అనుబంధము పెంచుకొనరాదు. ఇంతకుముందే పెరిగియున్న అనుబంధమును ఈ ఉత్తర్వు అందిన పదిహేను దినములలోగా తొలగించుకొనవలెను."

ఈ ఉత్తర్వు అందుకున్నవాళ్ళలో మంగతాయారు టీచరు ఒకరు.

మంగతాయారు హైస్కూల్లో తెలుగు చెబుతుంది. భర్త భాస్కరం పోయి ఏడు నెలలు. ఇంట్లో ఒక మనిషి తగ్గాక, సాయంత్రం నాలుగున్నరకు వచ్చి తాళం తీస్తే, ఆ తాళం చప్పుడే ఆ రోజుకి ఇంట్లో ఆఖరి చప్పుడుగా ఉండేది. మే నెలలో వ్యాను వీధిలోకి వచ్చినప్పుడు ఆమె గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూసి, అందరూ వద్దన్న కుక్కను దింపమంది. గోధుమరంగు ఆడకుక్క. వయసు మళ్ళింది. ఒక చెవి సగం లేదు. మెడలో రేకుబిళ్ళ మీద 214 అని ఉంది.

"దీనికి పేరు పెట్టకూడదాండి?" అని ఆమె వ్యాను డ్రైవరు నూకరాజుని అడిగింది.

"పెట్టకూడదండి. పేరెడితే మనది అనిపిత్తదంట," అన్నాడు నూకరాజు.

నియమమంటే నియమమే కనుక ఆమె పేరు పెట్టలేదు. రెండువందల పద్నాలుగు అనే పిలిచేది. పక్కింటి కనకరత్నం గోడ మీదుగా విని నవ్వేది. "మీరు ఆ నంబరు పిలుత్తుంటే నేను మా ఆయన్ని పేరెట్టి పిలిచినట్టే ఉందండీ టీచరుగారూ. అంత మెత్తగా పిలిత్తే ఏ నంబరైనా పేరే కదండీ," అనేది.

ఏడవ నిబంధనను అమలుపరచడానికి ఒక అధికారి కావలసివచ్చాడు. కృపానందంగారు పందొమ్మిదేళ్ళుగా దోమల నివారణ చూస్తున్నారు. నివారణలో అంత అనుభవం ఇంకెవరికీ లేదు కనుక ఆయననే అనుబంధ నివారణాధికారిగా నియమించారు. ఆయన కూడా పనిలో పెద్ద తేడా ఏమీ కనబడలేదన్నారు.

"ఇది కూడా నిలవ ఉన్నచోటే పెరుగుతుందండి," అన్నారు ఆయన మొదటిసారి తనిఖీకి వచ్చినప్పుడు, మంగతాయారు వేసిన కుర్చీలో కూర్చుంటూ. "మొదట్లో పైకి తెలియదు. తెలిసేసరికి ఇల్లంతా వ్యాపించి ఉంటుంది. అందుకే వారం వారం చూడాలి."

ఆయన అనుబంధ సూచిక అనే పత్రం తీశారు. పది ప్రశ్నలు, పది మార్కులు. మూడు దాటితే హెచ్చరిక, అయిదు దాటితే పరీక్ష. సున్నా వస్తే ఆదర్శం.

"జంతువుతో మాట్లాడుదురా?"

"మాట్లాడతానండి."

"అవసరమైన ఆజ్ఞలేనా, ఇతరములా?"

"ఇతరాలు కూడానండి. ఆ రోజు బడిలో జరిగినవి చెబుతాను."

కృపానందంగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "బడి సంగతులు కుక్కకి అవసరమాండి?"

"నాకు అవసరమండి."

ఆయన రెండు మార్కులు వేశారు. తరవాత కుక్కను పిలిచి చూపించమన్నారు. ఆమె పిలిచింది. కుక్క వచ్చింది. ఆయన పెదవి విరిచి, "సంఖ్యను సంఖ్యలాగే పలకాలండి. మీరు చివర్లో దీర్ఘం తీస్తున్నారు," అని ఇంకో మార్కు వేశారు.

గోడ మీద భాస్కరం ఫొటో వంక చూసి అడిగారు. "వీరు జంతువుతో సన్నిహితంగా మెలుగుతారా?"

"లేదండి. ఆయన పోయి ఏడు నెలలయింది."

"సంబంధము లేదు," అని రాసుకున్నారు.

ఆఖరి అంశం జంతువు భద్రత. టేపు తీసి గుమ్మం ఎత్తు కొలిచారు. మెట్లు కొలిచారు. ముసలి కుక్క కనుక జారిపడే ప్రమాదం ఉందేమోనని బావి గట్టు చుట్టూ తిరిగారు. పరిసరాల్లో ఇంకేమైనా ప్రమాదస్థలాలున్నాయా అని అడిగారు.

మంగతాయారు ఆయనను గేటు బయటికి తీసుకెళ్ళి, వీధి మలుపు దగ్గర పైపుల కోసం తవ్వి వదిలేసిన గొయ్యి చూపించింది. "కిందటేడు తవ్వారండి. మావారు స్కూటరుతో అందులోనే పడ్డారు. మూడు అర్జీలు పెట్టాను."

"అది ఇంజనీరింగ్ విభాగమండి. మాకు సంబంధం లేదు."

"కుక్క పడితే?"

కృపానందంగారు ఆలోచించారు. "కుక్క పడితే మా విభాగమే," అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు మనుషులు వచ్చి గొయ్యి చుట్టూ కర్రలు పాతి, ఎర్రగుడ్డ కట్టి, బోర్డు పెట్టారు. "శునకముల రక్షణార్థము." మంగతాయారు బడికి వెళ్ళబోతూ ఆ బోర్డు ముందు కాసేపు నిలబడింది. తరవాత చేతిసంచి భుజం మార్చుకొని నడిచింది. కుక్క ఆమె వెనకే బడి గేటుదాకా వచ్చి, అక్కడ పడుకుంది. నాలుగుంపావుకి బడి వదిలేదాకా కదలలేదు. ఇలా కదలకపోవడం ఎవరో ఫొటో తీసి నివారణ శాఖకు పంపారు. సూచిక ఏడుకు చేరింది. పరీక్షకు పిలుపు వచ్చింది.

"పరీక్ష తప్పితే ఏం చేస్తారండి?" అని ఆమె ఆఫీసుకు వెళ్ళి అడిగింది.

"అనుబంధం లేని సంరక్షకుడికి బదిలీ చేస్తామండి," అన్నారు కృపానందంగారు.

"నెగ్గితే?"

"నెగ్గితే అనుబంధం లేనట్టే కనుక గడువు తీరగానే ఇబ్బంది లేకుండా తీసేసుకుంటామండి."

"పోనీ నేను శాశ్వతంగా పెంచుకుంటానంటే?"

"దానికి వేరే దరఖాస్తు ఉందండి. జంతువుతో పూర్వపరిచయం లేనివారే అర్హులు. పరిచయం ఉంటే పక్షపాతం వస్తుంది కదండి." ఆయన స్వరం తగ్గించి, దయగా చెప్పారు. "మీరు చదువుకున్నవారు. పరీక్ష నెగ్గండి. నెగ్గినవాళ్ళకి గడువు ఇంకో మూడు నెలలు పొడిగించే వెసులుబాటు ఉంది. ఒకసారి ఆదర్శ సంరక్షకుణ్ణి చూసిరండి. నేర్చుకోవచ్చు."

ఆదర్శ సంరక్షకుడు పోలిశెట్టి చిట్టబ్బాయి. ఊళ్ళో షామియానాలు, కుర్చీలు, మైకు సెట్లు అద్దెకిస్తాడు. మునిసిపాలిటీ సభలన్నింటికీ షామియానా ఆయనదే కనుక, "ఒక ఇల్లు, ఒక శునకం" ప్రారంభసభలో కమిషనరుగారు మొదటి కుక్కను ఆయన చేతికే ఇచ్చారు. ఆ కుక్క రెండో రోజున కుర్చీల లారీ దిగి ఎటో పోయింది. చిట్టబ్బాయి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కనుక. కృపానందంగారు తనిఖీకి వెళ్ళి జంతువును పిలవమంటే పిలిచాడు. అది రాలేదు. మళ్ళీ పిలిచాడు. రాలేదు. కృపానందంగారు చప్పట్లు కొట్టినంత పనిచేసి, సున్నా వేసి, ఫొటో తీసుకొని వచ్చారు. ఫొటోలో చిట్టబ్బాయి ఒక్కడే ఉన్నాడు. కింద "అనుబంధ రహిత సంరక్షణకు నిదర్శనము" అని అచ్చువేసి ఆఫీసు వసారాలో అంటించారు. మంగతాయారు ఆ ఫొటోను శ్రద్ధగా చూసింది. అందులో కుక్క ఎక్కడుందో వెతికి, అర్థం చేసుకొని, ఇంటికి వచ్చింది.

ఆ వారమంతా ఆమె కుక్కకు దూరంగా ఉండడం నేర్పింది. అన్నం గిన్నె పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. అది వెనక వస్తే తలుపు వేసేది. తలుపుకి ఇవతల తనూ, అవతల అదీ కూర్చునేవాళ్ళు.

"మీరు అబద్ధం ఆడలేరు, నిజం దాయలేరు. ఇక కుక్కకేం నేర్పుతారండీ?" అంది కనకరత్నం గోడ మీదుగా.

"కనీసం పిలిచినా రాకుండా ఉండడం."

"అది పిలవకుండానే వచ్చే రకం టీచరుగారూ. దానికి పరీక్ష పెట్టడం దండగ."

పరీక్ష ఆఫీసు ఆవరణలో, కమిషనరుగారు వేసిన కమిటీ ఎదుట జరిగింది. చిట్టబ్బాయి షామియానా వేశాడు. ఒక చివర సంరక్షకుడు, ఒక చివర జంతువు, మధ్యలో బిస్కెట్ పట్టుకొని ఆఫీసు అటెండరు. జంతువు బిస్కెట్ దగ్గర ఆగితే నెగ్గినట్టు. సంరక్షకుడి దగ్గరికి పోతే తప్పినట్టు. ముందు పిలిచిన వాళ్ళలో ఒకాయన తన కుక్కను నలుగురి ముందూ కాలితో తన్ని చూపించాడు. కమిటీవారు మెచ్చుకున్నారు. ఒకావిడ తన కుక్క రంగేమిటో తనకు గుర్తులేదని చెప్పి రెండు మార్కులతో బయటపడింది.

మంగతాయారు కుర్చీ వెనక్కి తిప్పుకొని కూర్చుంది. పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుంది. నూకరాజు అవతలి చివర గొలుసు విప్పాడు. ఆమెకు ఏమీ కనబడదు. పేపరులో ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ చదువుతూ ఉంది. కుక్క అటెండరు దగ్గర ఆగింది. బిస్కెట్ వాసన చూసింది. కమిటీ సభ్యులు కలాలు ఎత్తారు. అది బిస్కెట్ తీసుకోకుండా, ముసలితనం వల్ల నెమ్మదిగా నడిచి, ఆమె కుర్చీ వెనక్కి చేరి, కుర్చీకి తన వీపు ఆనించి, ఆమెలాగే తనూ పెడమొహం పెట్టి కూర్చుంది.

"మీరు పిలిచారా?" అన్నారు కృపానందంగారు.

"లేదండి."

"సైగ చేశారా?"

"నేను అటు తిరిగి ఉన్నానండి."

కమిటీవారు తలలు దగ్గర పెట్టుకున్నారు. పిలిస్తే రావడం సాధారణ అనుబంధమని, పిలవకుండా రావడం ముదిరిన అనుబంధమని తేల్చారు. పదికి పది వేశారు. బడిలో మంగతాయారు ఎవరికీ పదికి పది వేసి ఎరగదు.

బదిలీ ఉత్తర్వు అక్కడే రాశారు. గ్రహీత, శ్రీ పోలిశెట్టి చిట్టబ్బాయి.

నూకరాజు కుక్కను వ్యాను ఎక్కిస్తుంటే ఆమె సంచీలోంచి ఒక కాగితం తీసి కృపానందంగారికి ఇచ్చింది. ఉప్పు లేకుండా పెరుగన్నం పెట్టాలని, టపాసుల చప్పుడుకు భయపడుతుందని, ఎడమ వెనకకాలు తడిలో ఉంచకూడదని అందులో గుండ్రటి అక్షరాలతో ఉంది. కృపానందంగారు చదివి, మడిచి, ఫైలులో పెట్టుకున్నారు.

"దీన్ని కూడా సాక్ష్యంగా జతచేస్తామండి," అన్నారు. "మంచి పని చేశారు."

వ్యాను వెళ్ళేటప్పుడు నూకరాజు మాత్రం తల బయటికి పెట్టి, "పెరుగన్నం సంగతి నేను చెప్తాలెండి టీచరుగారూ. ఆయ్, ఉప్పు లేకుండా," అన్నాడు.

ఆమె మూడు రోజులు బడికి వెళ్ళివచ్చింది. పాఠాలు చెప్పింది. నాలుగున్నరకు తాళం తీసింది. నాలుగో రోజు ఆదివారం. పొద్దున్నే గిన్నెలో పెరుగన్నం పెట్టుకొని, మూత పెట్టి, చిట్టబ్బాయి గొడౌనుకు నడిచి వెళ్ళింది. దాన్ని ఒకసారి చూడనిచ్చినా చాలనుకుంది.

కుక్క గొడౌను బయట ఇనప కుర్చీల దొంతరకు కట్టి ఉంది. నీళ్ళ గిన్నె బోర్లాపడి ఉంది. ఆమెను చూసి లేవబోయి, తాడు చాలక, మళ్ళీ కూలబడింది.

చిట్టబ్బాయి లారీకి షామియానా గుడ్డలు ఎక్కిస్తున్నాడు. ఆమెను చూసి నడుం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "రండి టీచరుగారూ. కుర్చీలు కావాలాండి?"

"కాదండి. ఈ కుక్కకి నీళ్ళు..."

"ఓ, ఇదాండి. ఇది మీదేనా? అదేంటో మొన్నట్నించీ గేటుకేసే చూత్తందండి. తినమంటే తినదు. నాకా పొద్దస్తమానం పెళ్ళిళ్ళు." ఆయన తాడు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "తీసుకెళ్ళిపోండి."

మంగతాయారు తాడు పట్టుకొని నిలబడిపోయింది. "ఇది మీ పేర ఉందండి."

"పేరు నా దగ్గరే ఉంటదండి. కుక్క మీ దగ్గరుంటది. ఎవరిక్కావలసింది వాళ్ళకి," అన్నాడు చిట్టబ్బాయి.

"తనిఖీకి వస్తే?"

"వత్తారు. పిలవమంటారు. పిలుత్తాను. రాదు." ఆయన లారీ ఎక్కబోతూ ఆగాడు. "మొదటిది అలాగే కదండీ నెగ్గింది."

ఆమె రోడ్డు పక్కనే కూర్చొని గిన్నె మూత తీసింది.

ఆ తరవాత జరిగినదానికి మంగతాయారు కారణమని ఎవరూ అనలేరు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది కనకరత్నం. పరీక్ష తప్పినవాళ్ళ కుక్కలన్నీ నిబంధన ప్రకారం చిట్టబ్బాయికే బదిలీ అయ్యేవి. వాటివాళ్ళు ఆదివారం పొద్దున్నే వచ్చి తాడు విప్పించుకొని వెళ్ళేవారు. ఆగస్టు నెలాఖరుకు చిట్టబ్బాయి పేర అరవై ఒక్క కుక్కలున్నాయి. కృపానందంగారు గొడౌనుకు వెళ్ళి ఒక్కొక్క సంఖ్యనే పిలిపించారు. అరవై ఒకటికి ఒక్కటీ రాలేదు.

కమిషనరుగారు స్వయంగా వచ్చి చూశారు. నిశ్శబ్దంగా ఉన్న ఆ ఆవరణను చూసి చలించారు. "అరవై ఒక్క శునకాలు, ఒక్క అరుపు లేదు. ఈ క్రమశిక్షణ మన సిబ్బందిలో ఎందుకు లేదు?" అని పక్కవారిని అడిగారు. పక్క మునిసిపాలిటీల నుంచి మూడు బృందాలు వచ్చి, పెదలంక విధానాన్ని అధ్యయనం చేసి, నోట్సు రాసుకొని వెళ్ళాయి. సెప్టెంబరులో సన్మానం జరిగింది. తన సన్మానానికి షామియానా చిట్టబ్బాయే వేసుకున్నాడు. "ఈ మహనీయుడు ఏ ఒక్క జీవినీ తనదిగా భావించలేదు" అని సన్మానపత్రంలో రాశారు. సభకు వచ్చిన మంగతాయారు కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టింది. సన్మానపత్రంలో ఆ ఒక్క వాక్యం మాత్రం నిజమేనని ఆమెకు అనిపించింది.

డిసెంబరులో ఒక సాయంత్రం కృపానందంగారు మంగతాయారు ఇంటికి వచ్చారు. పరీక్ష తప్పినవాళ్ళు కోలుకున్నారా లేదా అని విచారించడానికి కొత్త ఫారం వచ్చింది. అనుబంధానంతర పరిశీలన. ఆమె వరండాలో కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. ఆమె ఒళ్ళో అర్ధసంవత్సర పరీక్ష పేపర్లు ఉన్నాయి. ఆమె పాదాల దగ్గర గోధుమరంగు కుక్క పడుకొని ఉంది. దాని చెవి ఒకటి సగం లేదు.

కృపానందంగారు కుక్కను చూశారు. ఫైలు చూశారు. మళ్ళీ కుక్కను చూశారు.

"ఈ కుక్క ఎవరిదండి?"

"చిట్టబ్బాయిగారిదండి. మీ ఫైలులో ఉంటుంది."

ఆయన పేజీలు తిప్పి, వేలు పెట్టి చూసుకొని, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "ఉందండి. మరి ఇక్కడ..."

"ఆయన పిలిచినా వెళ్ళదండి."

"అవునవును. అది రికార్డులో ఉంది," అన్నారు కృపానందంగారు. కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కలం మూత తీశారు. "ఒక్కటే ప్రశ్నండి. మీ దగ్గర అప్పట్లో ఉన్న రెండువందల పద్నాలుగు మీకు ఇంకా గుర్తొస్తూ ఉంటుందా?"

మంగతాయారు తప్పు మాట పడకుండా చూసుకొని అంది. "గుర్తు చేసుకోవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదండి."

కృపానందంగారి మొహం విచ్చుకుంది. "చాలా సంతోషమండి. పదికి పది వచ్చిన కేసు ఇంత తొందరగా నయమవడం ఇదే మొదలు." ఆయన ఫారంలో "పూర్తిగా మరచిపోయినారు" అని రాసి, సంతకానికి ఆమె ముందు పెట్టారు.

ఆమె రెండుసార్లు చదివింది. పేపర్ల మధ్యనుంచి ఎర్రకలం తీసి, ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన "గుర్తు చేసుకోవలసిన అవసరము కలుగలేదు" అని రాసి, కింద సంతకం చేసింది.

"రెండూ ఒకటే కదండి," అన్నారు కృపానందంగారు ఫారం అందుకుంటూ.

"మీకు ఒకటేనండి," అంది మంగతాయారు.

ఆయన ఫైలు కట్టుకొని లేచారు. కుక్క ఆమె కుడిపాదం మీదనుంచి తల తీసి, ఎడమపాదం మీద పెట్టుకొని, మళ్ళీ నిద్రపోయింది.